పేరు లేనివారి పొరుగున



కొద్దికాలం క్రితం ఒక గురువారం గృహకూడిక ముగించి చెప్పులు తొడుక్కుంటుండగా, మా సంఘంలోని ఒక యౌవనస్థుడు నా దగ్గరకు వచ్చాడు. "అయ్యగారూ, మన పక్కన బాలాపూర్‌లో ఓట్లన్నీ బర్మావాళ్ళవేనంట గదా, ఫోనులో వచ్చింది" అన్నాడు. "ఎవరు చెప్పారు బాబూ?" అని అడిగాను. "అందరూ అంటున్నారు" అన్నాడు. ఈ "అందరూ" అనే మనిషి ఇల్లు ఎక్కడో నేటివరకు ఎవరికీ దొరకలేదు. అయినా ఆయన మాట మాత్రం ప్రతి ఇంటికీ చేరుతుంది.

ఆ పిల్లవాడిని నేను కోప్పడలేదు. కోప్పడే యోగ్యత నాకు లేదు. ఎందుకో ముందు చెప్పి, తరువాత మిగిలిన సంగతి వ్రాస్తాను.

2018 డిసెంబరు 7న మన తెలంగాణలో శాసనసభ ఎన్నికలు జరిగాయి. మా నాదర్‌గుల్ మహేశ్వరం నియోజకవర్గంలోనిది. ఆ ఉదయం మా సంఘంలోని ఒక వృద్ధ సహోదరితో కలిసి నేనూ వరుసలో నిలబడ్డాను. ఆమె పాలమూరు వైపునుండి కూలిపనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన విధవరాలు. పండుగకు కట్టుకునే చీర కట్టుకొని, ఓటరు కార్డు కొంగున ముడివేసుకొని వచ్చింది. తీరా లోపలికి వెళ్తే జాబితాలో పేరు లేదు. కార్డు ఉన్నా పేరు లేకపోతే ఓటు లేదన్నారు. ఆమె ఆ మధ్యనే అద్దె ఇల్లు మారింది. పేరు ఎందుకు పోయిందో అప్పుడు ఎవరూ చెప్పలేకపోయారు.

వెనుక నిలబడ్డవారిలో ఒకడు గట్టిగా, "మన ముసలోళ్ళ పేర్లు పోతయి, ఆ గుడిసెలోళ్ళ పేర్లు మాత్రం ఉంటయి" అన్నాడు. గుడిసెలవాళ్ళంటే బాలాపూర్‌లోని రోహింగ్యా శరణార్థులు. నలుగురు నవ్వారు. నేను నవ్వలేదు గాని, నోరు కూడా తెరవలేదు. కాపరినై యుండి మౌనంగా ఊరుకున్నాను. ఇంటికి నడుస్తూ ఆ తల్లి అన్న మాట ఇప్పటికీ నన్ను విడువదు. "అయ్యగారూ, నా పేరు ఆళ్ళు కొట్టేసిండ్రా? ఆళ్ళకు యాడ రాసుకోను పేరే లేదాయె."

చదువురాని ఆ తల్లి ఒక్క మాటలో చెప్పినదే ఈ నెల నేను మీకు వివరించబోతున్నాను.

లడ్డూ వేలంపాటకు పేరుపడిన బాలాపూర్ మీలో చాలామందికి తెలుసు. ఆ ప్రాంతంలో, చుట్టుప్రక్కల బస్తీలలో, 2012 తరువాత కొన్ని వేలమంది రోహింగ్యాలు వచ్చి చేరారు. వెదురు కర్రలు, టార్పాలిన్ పట్టాలు కట్టిన గుడిసెలలో ఉంటారు. చిత్తు కాగితాలు, ప్లాస్టిక్ ఏరుకుంటారు, అడ్డా మీద నిలబడి కూలికి పోతారు. వారి పిల్లలు కొందరు మన పిల్లలలాగే తెలుగు మాట్లాడతారు. పెద్దవాళ్ళ చేతిలో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన ఒక కార్డు ఉంటుంది. అది వారు శరణార్థులని చెప్పే కార్డు మాత్రమే. దానితో పౌరసత్వం రాదు, ఓటు అంతకంటే రాదు. 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై మన దేశం సంతకం చేయలేదు గనుక, ఇక్కడ ఉండే హక్కు కూడా ఆ కార్డుతో స్థిరపడదు.

వీరు ఎందుకు వచ్చారు? వీరి స్వదేశం మయన్మార్, మన పెద్దలు బర్మా అనే దేశం. అక్కడ 1982లో వచ్చిన పౌరసత్వ చట్టం వీరిలో అత్యధికులను పౌరుల లెక్కలోనుండి తప్పించింది. అయినా తాత్కాలికపు తెల్ల కార్డులు ఉండేవి. వాటితో 2010 ఎన్నికలలో వీరు ఓటు వేశారు. 2015 మార్చి 31తో ఆ తెల్ల కార్డులు చెల్లవని ప్రభుత్వం ప్రకటించింది. ఆ సంవత్సరం నవంబరు 8న దేశమంతా పండుగలా ఓటు వేస్తుంటే, వీరు గుమ్మాలలో కూర్చుని చూశారు. రెండు సంవత్సరాలైనా నిండలేదు, 2017 ఆగస్టు 25 తరువాత సైన్యం వారి గ్రామాల మీద పడింది. ఏడు లక్షలమందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ముందు ఓటు పోయింది, తరువాత ఊరు పోయింది. ఓటు లేనివాని గుమ్మానికి నాయకుడు రానక్కరలేదు, వాని ఇల్లు కాలినా ఎవరి పదవికీ మంట అంటదు. జాబితాలో ఒక పేరు కొట్టివేయడం చిన్న గీత వంటిదే గాని, ఆ గీత వెనుక ఏమి వస్తుందో బాలాపూర్ గుడిసెలు చూస్తే తెలుస్తుంది.

అంతటితో ఆగలేదు. 2020 నవంబరులో ఆ దేశంలో మరల ఎన్నికలు జరిగాయి. ఓటర్ల జాబితాలలో లక్షలాది దొంగ పేర్లు ఉన్నాయని సైన్యం ఆరోపించింది. అక్కడి ఎన్నికల సంఘం ఆ ఆరోపణను త్రోసిపుచ్చింది. అయినా 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేజిక్కించుకుంది. అప్పటినుండి దేశమంతా అంతర్యుద్ధం పాలైంది. 2015లో రోహింగ్యాల ఓటు పోయినప్పుడు ఊరకున్న మెజారిటీ ప్రజలకు కూడా, ఆరు సంవత్సరాలు తిరగకముందే తాము వేసిన ఓటు చెల్లకుండా పోయింది.

మనకు బర్మాతో ఏమి సంబంధం అనుకోవద్దు. ఒకప్పుడు రంగూన్ రేవులో మూటలు మోసినవారు మన తెలుగువారే. గోదావరి, విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాలనుండి ఓడలెక్కి వెళ్ళిన ఆ కూలీలను అక్కడ కోరంగీలు అని పిలిచేవారు. 1930 మే నెలలో మన రేవు కూలీలు సమ్మె చేశారు. యజమానులు వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె ముగిశాక వారిని తీసివేసి మరల మనవారిని పిలిచారు. కడుపు కాలిన బర్మా కూలీల కోపం యజమానుల మీదికి పోలేదు, తమవంటి కూలీల మీదికే పోయింది. ఆ అల్లర్లలో మనవారు అనేకమంది చంపబడ్డారు. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేసినప్పుడు లక్షలాది భారతీయులు అడవులు కొండలు దాటి కాలినడకన వచ్చారు. దారిలోనే ఎందరో రాలిపోయారు. 1964లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు స్వాధీనం చేసుకున్న తరువాత మిగిలినవారిలో పెద్ద భాగం కట్టుబట్టలతో తిరిగివచ్చింది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు ఆ కన్నీటి గురుతు. "పరాయి నాకొడుకులు మన బువ్వ తింటున్నారు" అనే తిట్టు ఒకనాడు మన తాతలు రంగూన్ వీధుల్లో విన్నదే.

ఇప్పుడు మన పట్టణానికి వద్దాం. 2020 డిసెంబరు 1న హైదరాబాద్ మహానగర పాలక సంస్థకు ఎన్నికలు జరిగాయి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వైపున్న మన బంధువులు, విశ్వాసులు ఆ ఎన్నికలలో ఓటర్లు. నీళ్ళు, మురికి కాలువలు, ఆ అక్టోబరులోనే కాలనీలను ముంచిన వరద వంటివి మాట్లాడవలసిన సమయమది. కాని ప్రచారమంతా ఎటు పోయిందో మీకు గుర్తుండే ఉంటుంది. రోహింగ్యాలను, పాకిస్తానీలను వెళ్ళగొట్టడానికి పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రైక్ చేస్తామని భారతీయ జనతా పార్టీ రాష్ట్ర అధ్యక్షుడుగా ఉన్న బండి సంజయ్ అన్నారు. జాబితాలో అంతమంది రోహింగ్యాలు ఉంటే కేంద్ర హోం మంత్రి ఏమి చేస్తున్నారని మజ్లిస్ అధ్యక్షుడు అసదుద్దీన్ ఒవైసీ ఎదురు ప్రశ్న వేశారు. యుద్ధాన్ని తప్పించుకొని వచ్చినవారి పేరు చెప్పి మన వీధిలో మాటల యుద్ధం మొదలైంది. ఇంతా చేసి ఆ రోజు ఓటు వేసినవారు నూటికి 47 మంది కూడా లేరు. పరాయివాడు మన ఓటు ఎత్తుకుపోతున్నాడని అరచిన పట్టణంలో సగానికి పైగా తమ ఓటును తామే ఇంట్లో పెట్టుకొని కూర్చున్నారు. దొంగ ఎవరో మీరే ఆలోచించండి.

నేను ఏ పార్టీ పక్షానా వ్రాయడం లేదు. ఒక సత్యం దాచనూ లేదు. తప్పుడు పత్రాలతో ఆధార్, ఓటరు కార్డులు సంపాదించిన కొందరు రోహింగ్యాల మీద మన పోలీసులు కేసులు పెట్టిన మాట నిజం. భారత పౌరుడు కానివానికి ఇక్కడ ఓటు లేదు. రాజ్యాంగంలోని 326వ అధికరణం, 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఆ సంగతి స్పష్టంగా చెప్తున్నాయి. అబద్ధపు ప్రకటన ఇచ్చి పేరు ఎక్కించుకుంటే ఒక సంవత్సరం వరకు జైలు శిక్ష, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. శరణార్థికి ఓటు ఇమ్మని నేను అడగడం లేదు, వారూ అడగడం లేదు. నేరం చేసినవానిని చట్టం చూసుకుంటుంది. కాని ఒకని నేరం ఒక జాతి అంతటి మీద, ఆ జాతి పోలికలున్న పొరుగువాని మీద, చివరకు పేదవాళ్ళందరి మీద రుద్దడం చట్టమూ కాదు, న్యాయమూ కాదు.

ఇది కొత్త తగవు కాదు. ఢిల్లీలో, బొంబాయిలో పేదల బస్తీలలోని వేలాదిమందిని విదేశీయులని అనుమానించి, పౌరులని నిరూపించుకోండని పోలీసుల ద్వారా నోటీసులిచ్చిన కాలం ఒకటుంది. ఆ వ్యవహారం లాల్ బాబు హుస్సేన్ కేసుగా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1995 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. ఒకసారి జాబితాలో ఎక్కిన పేరు సరైన విచారణ తరువాతే ఎక్కిందని మొదట నమ్మాలి, తీసివేయాలంటే కారణం చెప్పి, ఆ మనిషి చెప్పేది వినాలి అన్నది దాని సారాంశం. అనుమానం ఋజువు కాదు అని మన పెద్ద కోర్టు ముప్పై ఏళ్ళ క్రితమే చెప్పింది.

అయినా ఏమి జరుగుతున్నది? 2015లో ఆధార్‌తో జతపరచి జాబితాలను శుద్ధిచేయాలని దేశమంతటా ఒక కార్యక్రమం మొదలైంది. ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వు రావడంతో అది ఆగిపోయింది. 2018లో మన రాష్ట్రంలో ఎందరో కార్డు చేతపట్టుకొని పోలింగు కేంద్రాలనుండి వెనుదిరిగారు. పేర్లు గల్లంతైనందుకు రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి రజత్ కుమార్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. 2025లో బీహారులో ప్రత్యేక సవరణ జరిగింది. విదేశీయులు జాబితాలో ఉన్నారన్న మాట అక్కడా గట్టిగా వినబడింది. ఆగస్టు 1న వచ్చిన ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. వాటిలో చనిపోయినవారివి, వలసపోయినవారివి, రెండుచోట్ల ఉన్నవి అని అధికారులు చెప్పారు. ఆ పేర్లను, తీసివేతకు కారణాలను అందరికీ కనబడేలా ప్రకటించండని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించవలసివచ్చింది.

జాబితా శుద్ధిగా ఉండాలి, సందేహం లేదు. చనిపోయినవారి పేర్లు తీసివేయాలి. కాని పరాయివాని కోసం వేసిన వలలో పడేది ఎక్కువగా ఎవరు? ఇల్లు మారిన అద్దెదారుడు, పనికోసం ఊరు విడిచిన కూలి, అత్తవారింట పేరు మారిన కోడలు, పుట్టిన తేదీ కాగితం లేని ముసలమ్మ. మన సంఘాలలో అధిక సంఖ్యాకులు వీరే కదా!

న్యాయాధిపతుల గ్రంథం 12వ అధ్యాయం ఒకసారి తెరిచి చదవండి. గిలాదువారు యొర్దాను రేవుల దగ్గర కాపలా కాసి, దాటబోయేవారిని "షిబ్బోలెతు" అనే ఒక్క మాట పలకమన్నారు. ఆ ధ్వని నోరు తిరగనివారిని అక్కడే చంపారు. 42 వేలమంది కూలిపోయారు. చచ్చినవారు ఎవరు? మోయాబీయులా, ఫిలిష్తీయులా? కాదు, ఎఫ్రాయిమీయులు. ఒకే ఇశ్రాయేలు సంతానం, ఒకే దేవుని ప్రజలు. పలుకును బట్టి, మొగాన్ని బట్టి, పేరును బట్టి మనిషిని తూచే త్రాసు ఒకసారి రేవులో పెడితే, అది శత్రువును మాత్రమే తూచి ఊరుకోదు.

ఇంకొక మాట. 2021 తరువాత ఆ బర్మా యుద్ధం నుండే చిన్ ప్రజలు వేలాదిగా మన మిజోరంలోకి వచ్చారు. వారిలో అత్యధికులు క్రైస్తవులు, మనవంటి బాప్టిస్టులు, ప్రెస్బిటేరియన్లు. మిజో సంఘాలు వారికి బియ్యం ఇచ్చాయి, గుడిసెలు వేయించాయి. ఆ సంగతి విని మనం సంతోషించాం. అదే యుద్ధభూమి నుండి వచ్చినవాడు ముస్లిము అయితే, మన ఊరి ప్రక్కనే ఉంటే, మన నోట వేరే మాట వస్తున్నదా? ఈ ప్రశ్న మొదట నాకు నేనే వేసుకున్నాను. జవాబు చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను.

పాఠకులారా, వాదన చాలు, చేయవలసిన పని చెప్తాను. ఎన్నికలు వచ్చిన తరువాత వెదకవద్దు. సంవత్సరంలో ఒక ఆదివారం ఆరాధన ముగిసిన వెంటనే, చదువుకున్న యౌవనస్థులు ఫోనులు పట్టుకొని కూర్చోండి. ప్రతి కుటుంబపు పేర్లు జాబితాలో చూడండి. పేరు లేనివారికి, పద్దెనిమిది నిండినవారికి ఫారం 6 నింపండి. ఇల్లు మారినా, అక్షరాలు తప్పుపడినా ఫారం 8 ఉంది. అధికారి పేరు తీసివేస్తే, పదిహేను రోజులలోగా జిల్లా కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడ కాకపోతే ముప్పై రోజులలోగా రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి పోవచ్చు. 1950 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. ఇచ్చిన కాగితానికి రసీదు తీసుకోకుండా మాత్రం ఇంటికి రావద్దు. మన ఇండ్లు అయ్యాక పొరుగింటి ముస్లిము అవ్వ పేరు, ఎదురింటి హిందూ తాత పేరు కూడా చూడండి. ఆ ఆదివారం మన మందిరపు గుమ్మం ఊరందరిదీ కావాలి.

ఫారం 7 అని ఒకటుంది. అది ఫలానా పేరు తీసివేయమని అడిగేది. చనిపోయినవారి విషయంలో అది అవసరమే. కాని ఎవరో కట్టలు కట్టలుగా తెచ్చి "ఇక్కడ సంతకం పెట్టండి" అంటే పెట్టవద్దు. మీకు స్వయంగా తెలియని మనిషి పేరు మీద మీ సంతకం అబద్ధ సాక్ష్యమవుతుంది. అది చట్టం ముందు నేరం, దేవుని ముందు పాపం. అలాగే ఫోనులో వచ్చిన ప్రతి మాటను పదిమందికి పంపేముందు, ఇది నేను కళ్ళతో చూశానా అని అడుగుకోండి. చూడకపోతే అక్కడే ఆపండి.

ఆ వృద్ధ సహోదరి సంగతి చెప్పి ముగిస్తాను. ఆమెకు మరల ఫారం నింపాం. రెండుసార్లు తిరిగాం. 2019 ఏప్రిల్ 11న లోక్‌సభ ఎన్నికలలో, చేవెళ్ళ స్థానానికి, ఆమె ఓటు వేసింది. బయటకు వచ్చి సిరా గుర్తు ఉన్న వ్రేలు నాకు చూపించి, "ఇగ నేనున్న అయ్యగారూ" అన్నది. నేనున్నాను అని చెప్పుకోవడానికి ఒక మనిషికి ఎంత ఆశ! బాలాపూర్ గుడిసెలోని తల్లికి కూడా ఏదో ఒక దేశంలో, ఏదో ఒక జాబితాలో ఆ మాట చెప్పుకోవాలని ఆశ ఉండదా?

గృహకూడిక దగ్గర అడిగిన ఆ యౌవనస్థునికి ఇదంతా చెప్పాను. అతడు కొంచెంసేపు ఊరకుండి, "అయితే మన అమ్మలక్కల పేర్లు చూసే పని నాకివ్వండి అయ్యగారూ" అన్నాడు. ఇచ్చాను. 2018లో వరుసలో నిలబడి నేను మూసుకున్న నోరు ఆ విధంగానైనా తెరవబడినందుకు దేవునికి స్తోత్రం.

మీ గ్రామాలలో కూడా ఈ పని మొదలుపెట్టండి. యుద్ధం వలన ఇల్లు వాకిలి పోగొట్టుకున్నవారిని, ఏ జాతివారైనా సరే, మీ కుటుంబ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.

ప్రభువు సేవలో మీ సహోదరుడు,
సంఘ కాపరి, నాదర్‌గుల్